వోల్గా పాట ఎవరిది?

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి కీబోర్డు నేర్చుకుంటున్నాడు. వాడి పుస్తకంలో వోల్గా పడవవాళ్ల పాట పక్కన బలాకిరెవ్ అని ఉంది. జానపదానికి ఆయన పేరెందుకు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పాట కట్టింది ఆయన కాదమ్మా, సేకరించి పియానో వాద్యం జతచేసింది ఆయన. రష్యా స్వరకర్త మీలీ బలాకిరెవ్ 1837లో వోల్గా నది ఒడ్డున నిజ్నీ నోవ్‌గొరోద్‌లో పుట్టాడు. తొలి పియానో పాఠాలు వాళ్లమ్మ దగ్గరే. 1860లో వోల్గా వెంట తిరిగి జనం పాటలు రాసుకున్నాడు. 1866లో 40 పాటలు అచ్చు వేయించాడు. మీరడిగిన పాట, ‘ఎయ్ ఉఖ్నెమ్’, అందులోదే. అది ఏటికి ఎదురు పడవలు లాగే కూలీల పాట, మన హైలెస్సా లాంటిది.

మా తాతగారు ఏలూరు కాలవ మీద పడవలు చూసిన మనిషి. గాలి పడిపోతే ఇద్దరు గట్టెక్కి తాడు భుజానికేసుకుని లాగేవాళ్లట. తాడు ఒరిసిన చోట చర్మం కాయకట్టి నల్లబడేదట. పాట ఆగితే అడుగు తప్పేదని చెప్పేవారు.

నాకు బలాకిరెవ్ మీద గౌరవం ఎందుకంటే, ఆయన ఆ పాటల్ని ‘సరిదిద్దలేదు’. మైనర్ స్కేల్ అనే స్వరవరసలో ఏడో స్వరాన్ని పెంచడం పాశ్చాత్యుల అలవాటు. మన లెక్కలో కైశికి నిషాదాన్ని, అంటే కింది ‘ని’ని, కాకలి, అంటే పై ‘ని’, చేయడమన్నమాట. పల్లె గొంతులో లేని ఆ కాకలిని ఆయన పియానోలోకి కూడా వీలైనంతవరకు రానివ్వలేదు.

ముసోర్గ్‌స్కీ, బొరొదిన్, రిమ్‌స్కీ కోర్సకొవ్ లాంటి రష్యా స్వరకర్తలకు దారి చూపించింది ఆయనే. 1862లో ఫీజు లేని సంగీత పాఠశాల పెట్టినవాళ్లలో ఆయనొకడు. అంతటి మనిషి 1872లో సంగీతం వదిలేసి రైల్వే గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. బెజవాడ గూడ్స్ షెడ్డు పక్కన పెరిగినదాన్ని, అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొన్నేళ్లకు మళ్లీ సంగీతంలోకి వచ్చాడు, 1883 నుంచి పదకొండేళ్లు రష్యా చక్రవర్తి ఆస్థాన గాయకబృందాన్ని నడిపాడు. 1910లో పోయాడు.

మీ అబ్బాయి సాధన చేసేటప్పుడు కీబోర్డులో రిథమ్ బటన్ ఆపేయించండి. ముందు వరండాలో బరువుగా అడుగులేస్తూ పాడమనండి, ‘ఉఖ్నెమ్’ అన్నప్పుడల్లా పాదం నేల మీద పడాలి. అది కుదిరాక వేళ్లు కీల మీద పెట్టనివ్వండి.