అద్దాల సంగతి తర్వాత, ముందు ఆ చుక్కల సీసా చూపించండి

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. మహబూబ్‌నగర్ జిల్లాలో అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. పిల్లల హాజరు, ఎత్తు, బరువు అన్నీ ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. లబ్ధిదారుల ముఖం ఫొటో తీసి సరిపోల్చాలి. ఓటీపీ ఏమో భర్త ఫోన్‌కు పోతుంది, ఆయన పొలంలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. అన్నీ కుదిరే సమయానికి సర్వర్ పనిచేయదు. రాత్రి పదింటికి సిగ్నల్ కోసం డాబా మీద కూర్చుని పని ముగిస్తున్నాను. ఇంట్లో గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, రేషన్ కార్డు ఈ-కేవైసీ కూడా నా మీదే. ఏడు నెలలుగా కళ్లు మండి ఎర్రబడుతున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి ఎరుపు పోతోంది. మా అబ్బాయికి కళ్లు ఎర్రబడితే అవే వేశాను. తలనొప్పికి నాలుగు నెలలుగా రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. కుడిచేతి వేళ్లు రాత్రిపూట తిమ్మిరెక్కుతున్నాయి. ఈమధ్య వీధి దీపం చుట్టూ రంగుల వలయం కనిపిస్తోంది. ఏఎన్ఎం బీపీ చూస్తే 150/96 వచ్చింది, టెన్షన్ వల్లే అనుకున్నాను. 2023లో కంటి వెలుగు శిబిరంలో దగ్గర చూపు అద్దాలు ఇచ్చారు, పెట్టుకోవడం లేదు. మా నాన్నకు శుక్లాలొచ్చి చివరి రోజుల్లో చూపు పూర్తిగా పోయింది. నీలి కాంతిని ఆపే అద్దాలు ఏవి కొనాలి? ఫోన్ రేడియేషన్ వల్లే తలనొప్పి వస్తోందా?

జవాబు: మీరు అడిగింది అద్దాల గురించి, రేడియేషన్ గురించి. నన్ను కలవరపెట్టింది మాత్రం ఉత్తరం మధ్యలో రెండు వాక్యాల్లో దాటేసిన చుక్కల సంగతి. మీరు రాసిన పేరును బట్టి అది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ (వాపును, ఎరుపును అణిచే మందు), ఒక యాంటీబయోటిక్ కలిసిన మందు. ఆ పేరును ప్రచురించవద్దని నేనే కోరాను, ఎందుకంటే ఎరుపు తెల్లారేసరికి పోతుందని చదివినవారిలో కొందరైనా అదే కొని తెచ్చుకుంటారు. నేను కంటి వైద్యుణ్ని కాను, జనరల్ ఫిజీషియన్‌ను. మిమ్మల్ని పరీక్షించలేదు కనుక ఇక్కడ రాసేది నిర్ధారణ కాదు. అయినా ఏడు నెలల స్టెరాయిడ్ చుక్కలు, దీపం చుట్టూ రంగుల వలయం, చూపు పోయిన తండ్రి, ఈ మూడూ ఒకే ఉత్తరంలో కనిపించినప్పుడు ఈ వారంలోనే కంటి ఒత్తిడి చూపించుకోండి అని చెప్పక తప్పదు.

ఎందుకో వివరిస్తాను. కంటి లోపల ఒక పలుచని నీరు ఎప్పుడూ ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే సన్నని జల్లెడ వంటి దారి గుండా బయటికి పోతూ ఉంటుంది. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి పడితే కొందరిలో ఆ జల్లెడ పూడుకుపోయినట్టయి నీరు సరిగా బయటికి పోక, పాదరసం కొలతలో మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉండవలసిన కంటి ఒత్తిడి అంతకు మించి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి వెనకనున్న కంటి నరం మెల్లమెల్లగా దెబ్బతింటుంది. దీన్నే గ్లకోమా అంటాం, మన వాళ్లు నీటికాసులు అంటారు. స్టెరాయిడ్ చుక్కలు వాడేవారిలో నూటికి సుమారు ముప్పై మందికి ఒత్తిడి కొంత పెరుగుతుంది, అయిదారుగురికి బాగా పెరుగుతుంది. ఇంట్లో గ్లకోమా ఉన్నవారికి ఆ అవకాశం మరింత ఎక్కువ. మీ నాన్నగారికి వచ్చింది శుక్లమే కావచ్చు, కానీ శుక్లంతో పోయిన చూపు ఆపరేషన్‌తో చాలావరకు తిరిగి వస్తుంది, నీటికాసులతో పోయింది తిరిగి రాదు. పల్లెల్లో ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం నేను తరచూ చూస్తుంటాను కనుక, ఆయనకు అసలు ఏమైందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవడం మీకు అవసరం. స్టెరాయిడ్ వల్ల శుక్లం కూడా త్వరగా రావచ్చు, దాని వల్లా దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. ఏది కారణమో కంటి డాక్టరు యంత్రం మీద చూసి చెప్పాలి తప్ప ఉత్తరం చదివి తేల్చగలిగేది కాదు.

ఈ జబ్బులో చాలామందికి నొప్పి ఉండదు. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది, మధ్యలో అక్షరాలు బాగానే కనిపిస్తుంటాయి. అందుకే రోగి చాలా ఆలస్యంగా వస్తాడు. కొన్నేళ్ల క్రితం బీపీ కోసం నా దగ్గరికి వచ్చిన ముప్పై నాలుగేళ్ల ట్రాక్టర్ డ్రైవరు, పక్క నుంచి వచ్చే బండ్లు కనిపించడం లేదని మాటవరసకు అన్నాడు. దుమ్ముకు కళ్లు దురద పెడుతున్నాయని రెండేళ్లుగా ఇలాంటి చుక్కలే వేసుకుంటున్నాడని అడిగితే తెలిసింది. కంటి విభాగానికి పంపేటప్పటికే ఒక కన్ను దాదాపు పోయింది. ఆ కుర్రాడు అంతకు ముందు ఒక్కసారి ఎవరికైనా ఆ సీసా చూపించి ఉంటే ఆ కన్ను నిలిచేదని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇవి డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులు. సీసా మీద ఎర్ర గీత ఉంటే దాని అర్థం అదే. షాపులోని మనిషి మంచివాడే కావచ్చు, మీ ఊరివాడే కావచ్చు, ఎరుపు తగ్గించి మీకు మేలే చేశాననుకుని ఉండవచ్చు. కానీ ఎరుపు తగ్గడం వేరు, కన్ను బాగుపడడం వేరు. మీ విషయంలో స్టెరాయిడ్ చేసింది లోపలి మంటను కప్పిపెట్టడమే కావచ్చు.

మీ అబ్బాయికి అవే చుక్కలు వేయడం మాత్రం పెద్ద పొరపాటు, అమ్మా. కళ్లు ఎర్రబడడానికి కారణం కొన్ని రకాల వైరస్ అయితే స్టెరాయిడ్ పడగానే నల్లగుడ్డు మీది పుండు పెద్దదై మచ్చ మిగలవచ్చు. ఒకరి సీసా ఇంకొకరు వాడితే ఇన్ఫెక్షన్ కూడా అటూ ఇటూ పాకుతుంది. పిల్లల ఆరోగ్యం చూడడమే వృత్తిగా ఉన్న మీకు ఈ మాట కటువుగా తోచినా చెబుతున్నాను. అతనికి ఇప్పుడు ఎరుపు, మసక ఏమీ లేకపోయినా మీతోపాటు తీసుకువెళ్లి ఒకసారి చూపించండి.

ఇక నుంచి కొత్త సీసా కొనవద్దు. ఇప్పటికే వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపాలా, తగ్గిస్తూ రావాలా అన్నది రోజుకు ఎన్నిసార్లు వేస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అది మీరు రాయలేదు కనుక ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరును కలిసి అడగండి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, హైదరాబాద్‌లో అయితే మెహదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. కంటి ఒత్తిడి కొలవాలని, వెనక నరం చూడాలని మీరే నోరు తెరిచి అడగండి. కంటి వెలుగులో చూశారు కదా అనుకోవద్దు, అద్దాల పవరు చూసినంత మాత్రాన ఒత్తిడి చూసినట్టు కాదు. ఈలోగా కంట్లో తీవ్రమైన నొప్పి, ఎరుపు, చూపు మసక, వాంతులు కలిసి వస్తే రాత్రయినా సరే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రెండో విషయం తలనొప్పి మాత్ర. మీరు రాసిన పేరును బట్టి, వేసుకుంటున్నది డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర. నొప్పి మాత్రలను నెలలో పదిహేను రోజులకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రల వల్లే రోజూ తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడవచ్చు. సాయంత్రానికి మాత్ర ప్రభావం తగ్గుతుంది, నొప్పి మళ్లీ మొదలవుతుంది, యాప్ తెరిచే వేళకే అది వస్తోంది కనుక ఫోనే కారణమని తోస్తుంది. అంతకంటే ముఖ్యంగా డైక్లోఫెనాక్ బీపీని పెంచగలదు, కిడ్నీల మీద భారం వేయగలదు, కడుపులో పుండు చేయగలదు. 150/96 అన్నది టెన్షన్ అని పక్కన పెట్టే అంకె కాదు. సర్వర్ కోసం ఎదురుచూసే చికాకుకు కాసేపు బీపీ పెరగడం నిజమే, అయితే విశ్రాంతిగా కూర్చుని వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూసినా 140/90 దాటుతుంటే దాన్ని బీపీ జబ్బుగానే తీసుకోవాలి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష), షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. షుగర్, థైరాయిడ్ ఎందుకంటే, రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్న లక్షణం కావచ్చు. గంటల తరబడి ఫోన్ పట్టుకుని బొటనవేలితో టైపు చేయడం దాన్ని పెంచవచ్చు, కానీ దాని వెనక ఈ రెండు జబ్బులు దాగి ఉండడం అరుదు కాదు. మాత్రలు ఎలా మానాలో డాక్టరు పర్యవేక్షణలోనే చూసుకోండి. మానిన మొదటి వారం పది రోజులు నొప్పి ఎక్కువ కావచ్చు, అప్పుడు భయపడి తిరిగి మొదలుపెట్టేవారే ఎక్కువ. ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి హఠాత్తుగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యి కాలు పట్టు తప్పినా 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు మీరు అడిగిన వాటికి. నీలి కాంతి అద్దాలకు డబ్బు పెట్టవద్దు. 2023లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 పరిశోధనలను కలిపి చూసినప్పుడు, తెర చూడడం వల్ల కలిగే కంటి అలసటకు ఆ అద్దాలు మామూలు అద్దాల కంటే ఎక్కువ ఉపయోగపడినట్టు తేలలేదు. ఫోన్ తరంగాల వల్ల తలనొప్పి వస్తుందని కూడా రుజువు కాలేదు. మీకు కావలసిన అద్దాలు ఇంట్లోనే ఉన్నాయి. నలభై దాటాక చత్వారం అందరికీ వచ్చేదే, దానికి సిగ్గుపడవలసింది లేదు. ఆ అద్దాలు లేకుండా సన్నని అక్షరాల్లో ఆధార్ నంబరు, పుట్టిన తేదీ సరిచూస్తుంటే నుదురు, మెడ కండరాలు బిగుసుకుని తల పగిలిపోతున్నట్టు ఉండడంలో ఆశ్చర్యం లేదు. అయితే అవి 2023లో ఇచ్చినవి కనుక పవరు మారి ఉండవచ్చు, ఒత్తిడి చూసేటప్పుడే దాన్ని కూడా సరిచూపించుకోండి.

కళ్ల మంటకు ఇంకో కారణం రెప్పలు ఆర్పకపోవడం. మామూలుగా నిమిషానికి పదిహేను ఇరవై సార్లు ఆర్పే రెప్పలు తెర చూసేటప్పుడు అందులో సగానికి, ఒక్కోసారి అంతకంటే తక్కువకు పడిపోతాయి. ఇప్పుడు తెరుచుకుంటుందేమోనని తెర మీద గిరగిర తిరిగే చక్రాన్నే చూస్తూ కూర్చున్నప్పుడు కన్ను మరింత ఎండిపోతుంది. చక్రం తిరుగుతున్నంతసేపు ఫోన్ పక్కన పెట్టి గడపలోంచి దూరంగా చూడండి, రెప్పలు నాలుగైదుసార్లు గట్టిగా మూసి తెరవండి. ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకోండి. చీకటి డాబా మీద వెలుగుతున్న తెరకు బదులు, వీలైతే లైటు కింద కూర్చుని పని చేయండి. కంటిని తడిపే మామూలు చుక్కలు అవసరమైతే కంటి డాక్టరే రాస్తారు, వాటిని కూడా ముందుగా షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

రాత్రి పదింటి దాకా సిగ్నల్ కోసం కూర్చోవలసి రావడం మీ తప్పు కాదు, ఆ అలసటను నేను తేలికగా తీసుకోవడం లేదు. మీ కేంద్రంలో నెట్‌వర్క్ ఉండదని సూపర్‌వైజర్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి. అయితే అక్కడి నుంచి జవాబు వచ్చేదాకా ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేయవద్దు. ఒక రోజు సెలవు పెట్టి వెళ్లండి. వెళ్లేటప్పుడు చుక్కల సీసా ఖాళీదైనా సరే, మాత్రల పట్టీ, కంటి వెలుగు అద్దాలు, బీపీ రాసిన చీటీ, దొరికితే మీ నాన్నగారి పాత ఆసుపత్రి కాగితాలు సంచిలో పెట్టుకోండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది కనుక మీ అబ్బాయిని తోడు తీసుకువెళ్లండి, ఎలాగూ అతని కళ్లూ చూపించాలి.