పాత లెడ్జరుకు ఆఖరి తేదీ

చిట్టితల్లీ,

మీ ఫ్యాక్టరీ స్టోర్సును లెడ్జర్లలోంచి కంప్యూటర్లోకి మార్చే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

మార్పు తేవడం గురించి కర్ట్ లెవిన్ 1947లో చెప్పిన మూడు మెట్లు (పాతదాన్ని కరిగించడం, మార్చడం, కొత్తదాన్ని గట్టిపరచడం), మార్పులు ఎందుకు విఫలమవుతాయో జాన్ కోటర్ 1995లో రాసిన ఎనిమిది తప్పులు చదివే ఉంటావు. మేనేజ్‌మెంటుకు అవి చూపించు. స్టోర్సు కౌంటరు దగ్గరికి మాత్రం అడ్కార్ (ADKAR) అనే పద్ధతి పట్టుకెళ్లు. అది ఒక్కో మనిషినీ విడిగా చూస్తుంది: ఎందుకు మారుతున్నామో తెలిసిందా, మారాలని ఉందా, ఎలాగో తెలుసా, చేయగలడా, చేసింది నిలుస్తుందా. మొదటి 'లేదు' ఎక్కడ వస్తే పని అక్కడే మొదలుపెట్టు.

అందరూ బోల్తా పడేది 'తెలుసు'కూ 'చేయగలడు'కూ మధ్య. శనివారం రెండు గంటలు తెర మీద చూపించి హాజరు సంతకాలు తీసుకుంటారు. సోమవారం మిషను ఆగి, ఫిట్టరు బోల్టుల కోసం వచ్చి నిలబడతాడు. స్టోర్‌కీపరు వేలు కీబోర్డు మీద అక్షరం వెతుక్కుంటూ ఉంటుంది. లెడ్జరులో బోల్టులు కిలోల్లో ఉంటే కంప్యూటరు నంబర్లలో అడుగుతుంది. వెనక ఇంకో నలుగురు. అతను సొరుగులోంచి పాత పుస్తకం తీసి 'సాయంత్రం ఎక్కిద్దాంలే' అంటాడు. ఎక్కించడు. పది రోజులకు సరుకు పక్కన ఉంచే బిన్ కార్డులో ఒక లెక్క, తెర మీద ఒకటి, ర్యాకులో మరొకటి. నింద సాఫ్ట్‌వేరు మీదికి పోతుంది.

అందుకని ముందు యూనిట్లు సరిచేయించు. సరుకంతా చేత్తో లెక్కపెట్టించాకే ఓపెనింగ్ స్టాకు ఎక్కించు. మొదటి రెండు వారాలు ప్రతి షిఫ్టులో, నైట్ షిఫ్టులో తప్పనిసరిగా, స్టోర్‌కీపరు పక్కన ఒక మనిషి ఉండాలి. నేర్పడానికే, అతని బదులు కొట్టిపెట్టడానికి కాదు. లెడ్జరూ కంప్యూటరూ రెండూ కలిపి నడిపే రోజులకు ఆఖరి తేదీ ముందే బోర్డు మీద రాయి. ఆ రోజు స్టాకు టాలీ అయితే లెడ్జరులో అడ్డగీత కొట్టించి అకౌంట్సుకు అప్పగించు. లెవిన్ మూడో మెట్టు నీకు అదే. ఆ తర్వాత పైవాళ్లు పాత పద్ధతి రిపోర్టు అడిగితే ఇవ్వకు. వాళ్లు అడిగినన్నాళ్లూ కింద పాత పుస్తకం బతికే ఉంటుంది.

ఆ స్టోర్‌కీపరును కుర్రాళ్ల ముందు తొందరపెట్టకమ్మా. ఏది ఏ ర్యాకులో ఉందో అతని తలలో ఉంది. ఐటమ్ కోడ్‌లు రాసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, అతను పిలిచే పేర్లే పెట్టు.

గో-లైవ్, అంటే కంప్యూటరు మీద అసలు పని మొదలయ్యేది, మిషన్లు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ వారంలోనే అన్నారట. ప్రొడక్షన్ ఆగుతుంది నిజమే, కానీ స్పేర్లన్నీ కదిలేది అప్పుడే. వాయిదా వేయమని ఇవాళే అడుగు.

వేళకు తిను.

పెదనాన్న