పాపం గురించి మాట్లాడబోతున్న మా అమ్మాయికి

అమ్మా సునీతా,

ఈసారి ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలపు శుక్రవారం కూడికలు ఆరూ నీకే అప్పజెప్పారట, ఆరింటికీ పాపం అనే అంశమే తీసుకున్నావట, మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. మీ నానమ్మ ఉండి ఉంటే ఈ మాట వీధి వీధికీ వెళ్లి చెప్పుకునేది. సంతోషంతో పాటు గుండెలో దడ కూడా మొదలైంది. నీ చదువు మీద నాకు అనుమానం లేదు. పాపం గురించి మాట్లాడేటప్పుడు ఎంత మంచివాళ్లకైనా నోరు జారుతుంది, ఆ దెబ్బ తగిలేది మాత్రం అప్పటికే నలిగిపోయి వచ్చి కూర్చున్నవాళ్లకి. అందుకే రాస్తున్నాను. విసుక్కోకుండా చదువు.

మామూలు సంగతులు ముందు. ఇరవై అయిదు నిమిషాలు దాటనివ్వకు. వాక్యభాగం చదివేవాళ్లకి ముందురోజే చెప్పు. పాపపు ఒప్పుకోలు ప్రార్థనకి ముందు ఒక నిమిషం నిజంగా మౌనంగా ఉండనివ్వు, కీబోర్డు కూడా ఆపించు.

మొదటి శుక్రవారం ఆదికాండము 3, ఆదాము హవ్వలు పండు తిన్న కథ తీసుకుంటావు, తప్పదు. అక్కడ ఆపిల్ పండు లేదు, ఏ పండో వాక్యం చెప్పలేదు. ఆరో వచనం నిదానంగా చదువు: ఆమె తిని, తనతో పాటు ఉన్న భర్తకి కూడా ఇచ్చింది. అతను ఎక్కడో పొలంలో లేడు, పక్కనే ఉన్నాడు, నోరు మెదపలేదు. కాబట్టి హవ్వ ఒక్కదాని నెత్తిన వేసి ఆడవాళ్లందరినీ తిట్టే ప్రసంగం నీ నోట రాకూడదు. రోమా 5లో పౌలు ఆదాము పేరే ఎత్తాడు. ఆ తర్వాత జరిగిందే మనిషి అసలు రూపం: ఆకులు కుట్టుకున్నారు, చెట్ల చాటున దాక్కున్నారు, నువ్వు నాకిచ్చిన ఈ స్త్రీయే అని అతను, సర్పమని ఆమె. ఆజ్ఞ మీరడం ఒక్క క్షణం. దాక్కోవడం, నెపం పక్కవాళ్ల మీదికి నెట్టడం, ఆ అధ్యాయంలో ఎక్కువ చోటు వీటికే. జనానికి తమ ఇల్లు కనబడేది కూడా అక్కడే. 21వ వచనం వదిలేయకు. తోటలోంచి పంపే ముందు దేవుడు వాళ్లకి చర్మపు చొక్కాయిలు తొడిగించాడు.

పాపమనే మాట బైబిల్లో మొదటిసారి వచ్చేది మూడో అధ్యాయంలో కాదు, నాలుగో అధ్యాయంలో, తర్వాత తమ్ముణ్ణి చంపిన కయీనుతో దేవుడన్న మాటలో: "వాకిట పాపము పొంచియుండును." రెండో శుక్రవారానికి అది చాలు. ఇంకా చంపలేదు, అసూయతో ముఖం చిన్నబుచ్చుకున్నాడు, అంతే. దేవుడు అప్పుడే వచ్చి మాట్లాడాడు, నువ్వు దాన్ని ఏలాలి అన్నాడు. అన్నదమ్ముల గట్టు తగాదాలున్న ఊళ్లో దీనికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

సిద్ధాంతం గురించి కొంచెం. మన లూథరన్ సంఘాల విశ్వాస ప్రకటన అయిన ఆగ్జ్‌బర్గ్ ఒప్పుకోలులో (1530) మొదటి అధికరణం దేవుడి గురించి, రెండోది జన్మపాపం గురించి, మూడోది దేవుని కుమారుడి గురించి. ఆ వరసే పట్టుకో. ముందు దేవుణ్ణి చెప్పకుండా పాపం చెప్తే తిట్టినట్టుంటుంది, తర్వాత క్రీస్తును చెప్పకపోతే శిక్ష వేసినట్టుంటుంది. రెండో అధికరణం జన్మపాపాన్ని మూడు మాటల్లో చెప్తుంది: దేవుని భయం లేకుండా, దేవుని మీద నమ్మకం లేకుండా, దురాశతో పుడతాం అని. వాటిని ప్రశ్నలుగా మార్చి అడుగు. నేను ఎవరికి భయపడుతున్నాను? కష్టమొస్తే మొదట ఎవర్ని నమ్ముకుంటున్నాను? ఏది దొరక్కపోతే నిద్ర పట్టడం లేదు? సారా, సినిమా, పేకాట అని జాబితా చదివితే అవి లేనివాళ్లు నిశ్చింతగా కూర్చుంటారు. ఈ మూడు ప్రశ్నల ముందు సంఘపెద్ద కూడా తల వంచుకోవాల్సిందే.

కుర్రాళ్లకి అగస్టీను సంగతి చెప్పు, తొలి శతాబ్దాల సంఘంలో పెద్ద బోధకుడు. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి రాత్రిపూట పక్కవాళ్ల చెట్టు బేరిపళ్లు దొంగిలించి పందులకి విసిరేశాడు. ఇంట్లో అంతకన్నా మంచివే ఉన్నాయి. ఆకలితో కాదు, చేయకూడదన్న రుచి కోసమే చేశానని రాసుకున్నాడు. మనిషి తలుచుకుంటే తనంతట తానే పాపం మానగలడన్న పెలాగియస్ బోధను 418లో కార్తేజు సభ ఎందుకు తోసిపుచ్చిందో చెప్పడానికి ఇది చాలు. అంతకు మించి సభల చరిత్ర వద్దు. అయితే ఒక మాట మరిచిపోకు: పతనం తర్వాత కూడా మనిషి దేవుని స్వరూపమే. ఆదికాండము 9:6, యాకోబు 3:9 రెండూ అదే అంటాయి. మనిషి పనికిరాని చెత్త అని చెప్పడం క్రైస్తవ బోధ కాదు.

51వ కీర్తన దగ్గర రెండు జాగ్రత్తలు. "పాపములోనే నా తల్లి నన్ను గర్భమున ధరించెను" అన్నది దావీదు తన గురించి తాను ఏడుస్తూ అన్న మాట. తల్లి తప్పు చేసిందనీ, కాపురమే పాపమనీ కాదు. రెండోది, "నీకు, కేవలము నీకే" పాపం చేశానన్న మాట. దావీదు బత్షెబను తెచ్చుకుని, ఆమె భర్త ఊరియాను చంపించాడు కదా! దేవుడితో సర్దుకున్నాను, ఇక నన్నెవరూ అడగొద్దు అనే మగవాళ్లకి ఆ వచనం ఆయుధం కాకుండా చూడు. బత్షెబ స్నానం చేయడమే తప్పన్నట్టు మాట్లాడేవాళ్లుంటారు. ప్రవక్త నాతాను వేలు చూపించింది రాజు వైపు, ఆమె వైపు కాదు.

నాలుగో వారం ఆమోసు, పేదల్ని నలిపేసేవాళ్లని గద్దించిన ప్రవక్త. ఈ వారం మానేయమని నీకు సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకు. కూలి ఎగ్గొట్టడం, కట్నం, ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనం తీసుకుని పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడగడం, ఇవి మన సంఘాల్లో పాపంగా లెక్కకు రావు. రావాలి.

ఇక నా అసలు భయం దగ్గరికి వస్తాను. అయిదో శుక్రవారం యోహాను 9, పుట్టు గుడ్డివాడు. ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగారు. ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. సంఘంలో ఎంత పాత తప్పో చూడు, మొదట చేసింది అపొస్తలులే. వాళ్లకన్నా ముందు, అన్నీ పోగొట్టుకుని జబ్బుపడిన నీతిమంతుడు యోబు స్నేహితులు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నప్పుడు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడింది. 4వ అధ్యాయంలో ఎలీఫజు మెత్తగా మొదలుపెట్టి, నిరపరాధి ఎప్పుడైనా నశించాడా అంటాడు. యోబు ఒప్పుకోలేదు. 22వ అధ్యాయానికి వచ్చేసరికి అదే ఎలీఫజు ఏకంగా పాపాల పట్టీ తయారుచేశాడు: దప్పిగొన్నవాడికి నీళ్లివ్వలేదు, బట్టలు లాక్కున్నావు, విధవరాండ్రను వట్టిచేతులతో పంపేశావు. వీటిలో ఒక్కటీ అతను కళ్లతో చూసింది కాదు. జబ్బుంటే పాపం ఉండి తీరాలి అన్న లెక్క ముందే వేసుకున్నాడు కాబట్టి, లేని పాపాన్ని కల్పించాల్సి వచ్చింది. అయ్యో, ఆ యోబు 31వ అధ్యాయంలో కూర్చుని ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. చివర 42:7లో దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీద? ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద.

ఇప్పుడు స్వస్థత కూడికల్లో తరతరాల శాపం అనే పేరుతో జరిగేది ఇదే. నిర్గమ 20:5 చూపించి, తండ్రుల దోషం మూడో తరం, నాలుగో తరం దాకా వస్తుందని, మీ తాత ఏ విగ్రహానికి మొక్కాడు అని క్యాన్సర్ మనిషిని నిలదీస్తారు. వాళ్లకి యెహెజ్కేలు 18 తెలియదా? తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెత ఇక పలకొద్దని దేవుడే అన్నాడు. లూకా 13లో సిలోయము గోపురం మీదపడి చనిపోయిన 18 మంది మిగతావాళ్లకన్నా పాపులు కారని ప్రభువు తేల్చి చెప్పాడు.

నిన్ను ఎదురు ప్రశ్నలు అడుగుతారు, సిద్ధంగా ఉండు. యోహాను 5:14 చూపిస్తారు, బాగుపడిన రోగితో ఇక పాపం చేయకు అన్న మాట. ఆ మాట అన్నది మనుషుల లోపలున్నది ఎరిగిన ప్రభువు. బాగుచేశాకే, దేవాలయంలో ఆ మనిషికే చెప్పాడు. రోగి కోసం చేసే ప్రార్థన గురించిన యాకోబు 5:15 చూపిస్తారు. అక్కడ "పాపములు చేసినవాడైతే" అని ఉంది, చేసే ఉంటాడని లేదు. లోకంలోకి మరణం పాపం ద్వారా వచ్చిందని రోమా 5 చెప్తుంది, అది నమ్మకంగా చెప్పు. కానీ ఫలానా మనిషికి ఫలానా జబ్బు ఏ పాపానికి వచ్చిందో చెప్పే అధికారం ప్రసంగికులకి ఇవ్వలేదు.

నీకు మొదటినుంచీ తొందరెక్కువ, ఊపులో ఉన్నప్పుడు రాసుకోని మాటలు వస్తాయి. ఈ ఒక్క వారం కాగితం దాటకు. వెనక వరసలో జుట్టు రాలిన తల మీద కొంగు కప్పుకుని ఒకామె కూర్చుని ఉంటుంది. పెళ్లయి పదేళ్లయినా పిల్లల్లేని జంట ఉంటుంది. ప్రతి వాక్యం రాశాక వాళ్ల ముఖాలు తలుచుకుని చదువు.

ఆరో వారం, కోరిన మేలు చేయలేకపోతున్నానని పౌలు ఏడ్చిన రోమా 7 తో మొదలుపెట్టినా, క్రీస్తులో ఉన్నవాళ్లకి శిక్షావిధి లేదనే 8:1 దాకా వెళ్లకుండా ఆపకు. కూడిక అయ్యాక ప్రార్థన కోసం వచ్చేవాళ్లని ఏం పాపం చేశావని అడగకు. పేరు అడుగు, దేని కోసం ప్రార్థించమంటారో అడుగు. వాళ్లంతట వాళ్లు ఒప్పుకుంటే విని, 1 యోహాను 1:9 చదివి క్షమాపణ ఉందని స్పష్టంగా చెప్పు, ఆ సంగతి మీ అమ్మకి కూడా చెప్పకు. అయిదో వారం కాగితం మాత్రం బుధవారం లోపు నాకు వాట్సాప్‌లో పంపు తల్లీ, అక్షరం పెద్దదిగా రాయి.

నీ పెదనాన్న