లాక్రోస్ పుస్తకం చదివితే వస్తుందా?

ప్రశ్న: మేము అమెరికాలో, మేరీల్యాండ్‌లోని ఎలికాట్ సిటీలో ఉంటాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఈ ఏడాదే స్కూలు లాక్రోస్ జట్టులో డిఫెండర్‌గా చేరాడు. తోటివాళ్లు చిన్నప్పటినుంచీ ఆడుతున్నవాళ్లు. వీడు వ్యూహాల పుస్తకాలు తెచ్చుకుని రాత్రిళ్లు చదువుతున్నాడు. “మైదానంలో నేర్చుకోవలసింది పుస్తకంలో ఏముంటుంది?” అని మావారు కోప్పడుతున్నారు. చదవనివ్వాలా, మాన్పించాలా?
– ఒక తల్లి

జవాబు: మాన్పించకండి అమ్మా. లాక్రోస్‌లో చివర వల ఉన్న కర్రతో బంతి పట్టడం, విసరడం, నేలమీది బంతిని పరుగులో ఎత్తుకోవడం పుస్తకంతో రావు. అక్కడ మీవారి మాట నిజం. వాటికి ఒక గోడ కావాలి. రోజూ అరగంట, రెండు చేతులతోనూ గోడకు కొట్టి పట్టుకోవాలి. కానీ మీ అబ్బాయి డిఫెండర్. అతని ఆట చాలావరకు బంతి తన దగ్గర లేనప్పుడే సాగుతుంది. ఆ ఆటను పుస్తకం నేర్పుతుంది.

నాకు అలాగే వచ్చింది. మా వాడు ఆడటం మొదలుపెట్టాక, బాల్టిమోర్ శివార్లలో మైదానం పక్కన కుర్చీ వేసుకుని రెండు సీజన్లు చూశాను. కళ్లు బంతి వెంటే తిరిగేవి, ఆట మాత్రం అర్థమయ్యేది కాదు. అప్పుడు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ జట్టు కోచ్‌గా పేరుపొందిన బాబ్ స్కాట్ 1976లో రాసిన ‘లాక్రోస్: టెక్నిక్ అండ్ ట్రెడిషన్’ పాత ప్రతి దొరికింది. లోపల బొమ్మలు, బాణాలు. ఎంత చూసినా తలకెక్కలేదు. చివరికి మా అమ్మ వామనగుంటల కోసం రాజమండ్రి నుంచి తెచ్చిన చింతపిక్కలు తీశాను. ఆరు పిక్కలు దాడి చేసేవాళ్లు, ఆరు నాణేలు అడ్డుకునేవాళ్లు, సీసా మూత గోలు, మిరియం గింజ బంతి.

ఈ ఆటలో గోలు వెనకా ఆట ఉంటుంది. ఆ చోటును ఎక్స్ అంటారు. బంతి అక్కడికి వెళ్లగానే డిఫెండర్లు తలలు వెనక్కి తిప్పుతారు, తాము కాచుకోవలసిన మనిషి కనుమరుగవుతాడు. ఎక్స్ నుంచి ఒకడు తనను కాస్తున్నవాణ్ని తప్పించుకుని ముందుకు వచ్చాడనుకోండి. వాణ్ని ఆపడానికి మరొక డిఫెండర్ తన మనిషిని వదిలి వెళ్లాలి. దీన్ని స్లైడ్ అంటారు. అలా వదిలేసిన మనిషి చాలాసార్లు సరిగ్గా గోలు ఎదుటే ఉంటాడు. కాబట్టి ఇంకొకడు అదే క్షణంలో వచ్చి ఆ ఖాళీ పూడ్చాలి. అప్పుడు కాపలా లేకుండా మిగిలేది బంతికి అన్నిటికంటే దూరంగా ఉన్నవాడు. వాడికి బంతి చేరాలంటే పొడవైన పాస్ కావాలి, ఈలోగా డిఫెన్స్ సర్దుకుంటుంది.

మూడుసార్లు మొదటి నాణేన్ని జరిపి రెండోదాన్ని మరిచిపోయాను. మూడుసార్లూ మిరియం సీసా మూతలోకి వెళ్లింది. నాలుగోసారి రెండు నాణేలూ కలిసి కదిలాయి. ఆ శనివారం మ్యాచ్‌లో మొదటిసారి బంతిని వదిలేసి, గోలు ముందు నిలబడిన డిఫెండర్‌ను చూశాను. దాడి మొదలు కాకముందే అతను “హాట్! హాట్!” అని అరుస్తున్నాడు. మొదట వెళ్లేది తానే అని తోటివాళ్లకు చెప్పడం అది. రెండేళ్లుగా ఆ కేక నా చెవిన పడుతూనే ఉంది!

పుస్తకంలోని బాణం ఎటు వెళ్లాలో చెబుతుంది కానీ ఎప్పుడు కదలాలో చెప్పలేదు. అందుకు మ్యాచ్ వీడియో పెట్టి, స్లైడ్‌కు ముందు క్షణంలో ఆపండి. “ఇప్పుడు ఎవరు వెళ్తారు? వాడి చోటులోకి ఎవరు వస్తారు?” అని అడగండి. వాడు జవాబు చెప్పాకే ముందుకు నడపండి. రోజుకు ఇలాంటివి అయిదారు చాలు.

పుస్తకం ఏ ఏటిదో కూడా చూడాలి. అమెరికాలో కాలేజీ పురుషుల ఆటకు 2019 సీజన్ నుంచి 80 సెకన్ల గడియారం వచ్చింది, బంతి దొరికిన జట్టు ఆలోగా గోలుకు కొట్టాలి. అంతకుముందు పుస్తకాల్లో బంతిని తీరిగ్గా చేతిలో ఉంచుకోమనే సలహా అక్కడ ఇక పనికిరాదు. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఆడబోయే సిక్సెస్ అనే చిన్న జట్ల లాక్రోస్‌లో జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురే, గడువు 30 సెకన్లే. జట్టుకు పదిమంది ఉండే మామూలు ఆట కోసం గీసిన బొమ్మలు దానికి సరిపడవు. స్లైడ్ సూత్రం మాత్రం ఎక్కడైనా అదే.

చరిత్ర అధ్యాయాన్ని కూడా దాటవేయనివ్వకండి. మాంట్రియల్ దంతవైద్యుడు విలియం జార్జ్ బీర్స్ 1867లో నియమాలు రాసి, 1869లో పుస్తకం వేశాడు. కానీ ఆట ఆయనది కాదు. అంతకు ఎన్నో తరాల ముందే ఉత్తర అమెరికా ఆదివాసులైన హౌడెనొషోనీ ప్రజలు దీన్ని ఆడుతున్నారు. సృష్టికర్త ఇచ్చిన కానుకగా, స్వస్థత చేకూర్చే ఆటగా నేటికీ ఆడుతున్నారు. చేతిలో కర్ర పట్టుకున్న పిల్లవాడికి ఇది తెలిసి ఉండాలని నా పట్టుదల.

ఇక మీవారి సంగతి. ఒక సాయంత్రం ఆయన్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. దాడి ఆయనది, కాపలా అబ్బాయిది. చింతపిక్కలు లేకపోతే సెనగలు చాలు.