పర్మిట్ రూం ఎత్తేయిస్తే వీధి బాగుపడుతుందా?

"హైదరాబాద్‌లో పాత ఇరానీ హోటళ్ళు ఒక్కొక్కటీ మూతపడి, ఆ గదుల్లోకి మొబైల్ షాపులు, ఏసీ కెఫేలు వస్తున్నాయి. మా వీధి చివర వైన్స్ ముందు జనం రోడ్డు మీదే తాగుతున్నారు. పర్మిట్ రూం, అంటే వైన్స్‌లో కొన్న మందు అక్కడే తాగేందుకు అనుమతి ఉన్న గది, ఎత్తేయించాలని కాలనీలో సంతకాలు సేకరిస్తున్నాం. ఫలితం ఉంటుందా?" అని అడిగారు.

చిక్కడపల్లిలో నాకు 19 ఏళ్ళుగా జిరాక్స్ షాపు ఉంది. మీరు ఇప్పుడు పెడుతున్న సంతకం నేను 2022లోనే పెట్టాను. ఆ అర్జీని నలభై కాపీలు తీసింది కూడా నా మెషీనే. డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే తీసుకోవలసింది అనిపిస్తుంది. ఎందుకంటే మేం గెలిచాం, గెలిచిన ఆ రెండు నెలల్లో మా వీధి అంతకుముందు ఎన్నడూ లేనంత అధ్వానంగా తయారైంది.

అనుమతి కాగితాల్లో ఏదో లోపం దొరికి పర్మిట్ రూంకు తాళం పడింది. దుకాణం మాత్రం మామూలుగా నడిచింది. లోపల నిలబడి తాగేవారు ఇంటికి పోతారని మేం అనుకున్నాం. క్వార్టరు కొన్నవాడు ఇంటికి పోయేవాడే అయితే పర్మిట్ రూంకు ఎందుకు వస్తాడు? మా షాపు మెట్లు, పక్కనున్న డయాగ్నస్టిక్ సెంటర్ ర్యాంపు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఇలా ఎక్కడ నాలుగు అడుగుల జాగా కనిపిస్తే అక్కడ సిట్టింగు మొదలైంది. ఉదయం షట్టరు ఎత్తే ముందు ప్లాస్టిక్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు, గుడ్డు పెంకులు ఊడ్చుకోవడం నాకు రోజువారీ పని అయింది. మూడో నెలలో పర్మిట్ రూం తిరిగి తెరిచారు. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను ఊపిరి పీల్చుకున్నాను. కాలనీ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ మాట రాయలేదు.

ఆంధ్రలో ఇదే సంగతి పెద్ద ఎత్తున జరిగింది. 2019 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం దుకాణాలను తన చేతుల్లోకి తీసుకుని పర్మిట్ రూంలను రద్దు చేసింది. మా బావమరిది ఉండేది విజయవాడ. తాగేవాళ్ళందరూ కాలువ గట్టుకు మారారని అప్పట్లో ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేవాడు. 2024లో దుకాణాలు మళ్ళీ ప్రైవేటు వారికి వెళ్ళాయి, 2025లో పర్మిట్ రూంలు కూడా తిరిగి వచ్చాయి.

మా వైన్స్ నిన్న మొన్న వచ్చింది కాదు. 2011 నుంచీ అక్కడే ఉంది. అయినా మొదటి తొమ్మిదేళ్ళలో ఎవరూ అర్జీ పెట్టలేదు. గొడవ మొదలైంది మూలమీది ఇరానీ హోటల్ మూతపడ్డాకే. ఈ రెంటికీ ఉన్న సంబంధం నాకు చాలా ఆలస్యంగా తెలిసివచ్చింది.

ఆ హోటల్లో పాలరాతి పలకల బల్లలు పన్నెండు ఉండేవి. నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదువుకునే కుర్రాళ్ళు నలుగురు కలిసి రెండు చాయ్‌లు చెప్పి, వన్ బై టూ చేసుకుని, గంటన్నర కూర్చునేవారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఫస్ట్ షో వదిలాక జనం వచ్చిపడేవారు. ఎనిమిది దాటాక పర్మిట్ రూంలో పని ముగించుకున్నవారూ రోడ్డు దాటి అక్కడికే వచ్చేవారు. ఒక సమోసా, ఒక చాయ్, ముఖం మీద నీళ్ళు, అరగంట సేపు మౌనం. మత్తు కొంచెం దిగాక, ఇంటికి వెళ్ళే ముఖం తెచ్చుకుని లేచేవారు. గొంతు పెంచితే గల్లా దగ్గరి పెద్దాయన నాణెంతో గాజు పలక మీద రెండుసార్లు టకటకమనిపించేవాడు. అంతే, సద్దుమణిగేది. హోటల్ వెనక ఒక మరుగుదొడ్డి కూడా ఉండేది. శుభ్రం గురించి అడగకండి, ఉండడమే గొప్ప.

మొదటి లాక్‌డౌన్‌లో దించిన ఆ షట్టరు మళ్ళీ లేవలేదు. పెద్దాయన పిల్లలు ఈ వ్యాపారంలోకి రాలేదు. మెట్రో వచ్చాక రోడ్డు మీది గదుల అద్దెలు పెరిగాయి. ఒక చాయ్‌కి గంటన్నర బల్ల ఇచ్చే లెక్క ఆ అద్దెకు ఎలా సరిపోతుంది? ఇప్పుడు అక్కడ ఫోన్ల షాపు ఉంది. ఎదురుగా వచ్చిన కెఫేలో కాఫీ 180 రూపాయలు. కెఫేవారి మీద నాకు కోపం లేదు, వారి అద్దె వారిది. కాకపోతే వైన్స్ నుంచి తూలుతూ వచ్చిన మేస్త్రీ ఆ గాజు తలుపు తోయలేడు, తోసినా కూర్చోనివ్వరు. అతనికి మిగిలినవి మా మెట్లే.

రాత్రి వేళల వ్యవహారం ఇంకో తమాషా. 2024 జూన్‌లో నగరంలో దుకాణాలు, హోటళ్ళు పదిన్నర, పదకొండుకే కట్టేయించారు. మా సందులో టీ బండి పదిన్నరకే సర్దుకోవలసి వచ్చేది, వైన్స్ మాత్రం పదకొండు దాకా తెరిచి ఉండేది. తాగడానికి చోటుంది, తాగింది దిగడానికి లేదు. ఆగస్టులో ముఖ్యమంత్రి శాసనసభలోనే, మద్యం తప్ప తిండి అమ్మేవి రాత్రి ఒంటిగంట వరకు నడవచ్చని ప్రకటించారు. కాలనీ పెద్దలు దాన్నీ వ్యతిరేకించారు. నేను మాత్రం ఆ నిర్ణయం సరైనదే అంటాను. అర్ధరాత్రి టీ బండి ఉన్న సందుకూ చీకటి సందుకూ తేడా ఏమిటో షాపు కట్టేసి ఒంటరిగా ఇంటికి నడిచేవాడికి తెలుస్తుంది.

ఇక అర్జీల బలం సంగతి. జూబ్లీహిల్స్ వాసులు పబ్బుల మోత మీద కోర్టుకెక్కితే, 2022లో హైకోర్టు రాత్రి పది తర్వాత పాటలు వినిపించవద్దని ఆదేశించింది. మాది ఆ స్థాయి కాదు. పైగా ఎదురుగా ఉన్న డబ్బు చూడండి. 2023లో రాష్ట్రంలోని 2,620 వైన్స్‌లకు లాటరీ పెడితే లక్షా ముప్ఫై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పుడు ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగి రావు. ఒక్క సీసా అమ్మకముందే 2,600 కోట్ల పైచిలుకు ఖజానాకు చేరింది. దాని ముందు మా నలభై సంతకాలు ఎంత?

గుడికీ బడికీ 100 మీటర్ల దూరం ఉండాలన్న నిబంధన మీద ఆశ పెట్టుకున్నారేమో. మేమూ పెట్టుకున్నాం. మా సంఘం అధ్యక్షుడు టేపు పట్టుకుని గుడి గుమ్మం నుంచి తిన్నగా కొలిస్తే 91 వచ్చింది. కొలవడానికి వచ్చిన ఉద్యోగి మనిషి నడిచే దారినే లెక్కలోకి తీసుకోవాలని చెప్పి, డివైడర్ సందు దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు. 117. టేపు చివర పట్టుకున్నది నేనే. ఆయన కొలతలో తప్పేమీ లేదు.

కాబట్టి సంతకాలు సేకరించండి, కానీ అడిగేది మార్చండి. 2023లో మేం పెట్టిన రెండో అర్జీలో పర్మిట్ రూం ఊసే ఎత్తలేదు. ఒక వీధి దీపం, ఒక చెత్త డ్రమ్ము, ఒక మరుగుదొడ్డి అడిగాం. దీపం పది రోజుల్లో వెలిగింది. డ్రమ్ము వచ్చింది. మరుగుదొడ్డి ఇంకా రాలేదు.

అన్నిటికంటే పనికొచ్చింది అర్జీ కానే కాదు. వైన్స్ బయట గ్లాసులు, నీళ్ళు, ఉడికించిన గుడ్లు అమ్మే అతన్ని తరిమేయాలని మొదట్లో మేమే పట్టుబట్టాం. తర్వాత మేనేజరుతో కూర్చుని, అతనికి పర్మిట్ రూం లోపల ఒక మూల ఇప్పించాం. గ్లాసూ గుడ్డూ లోపల దొరికితే సీసా కూడా లోపలే ఆగుతోంది. మెట్ల మీద ఇప్పుడు వారానికి ఒకరో ఇద్దరో కనిపిస్తారు, అంతే. మీరు ముందుగా వెళ్ళి మాట్లాడవలసింది మీ వీధి గుడ్ల బండి అతనితో. సాయంత్రం ఆరు లోపు వెళ్ళండి, ఆ తర్వాత అతనికి తీరిక ఉండదు.