పెద్దవాళ్ల క్లాసులో తడబడితే టీచర్‌గా పనికిరానట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ అయ్యాక బీఈడీ రెండో ఏడాది చదువుతోంది. కాలేజీ వాళ్లు ఊళ్లో పొదుపు సంఘం ఆడవాళ్లకు ఒక సాయంత్రం పాఠం చెప్పించారు. కూడికలు, బ్యాంకు ఫారం నింపడం. చివర్లో టెస్టు పెడితే ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగతా అందరికీ ఈమె ‘ఏ’ గ్రేడ్ వేసేసింది. ‘మూల్యాంకనం జరగలేదు’ అని లెక్చరర్ రికార్డులో రాశారు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ముసలమ్మల క్లాసుకే ఇలా అయితే రేపు బడిలో ఏం నెగ్గుకొస్తుంది? బీఈడీ మాన్పించి హైదరాబాద్‌లో కార్పొరేట్ ట్రైనర్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నా. ఏది మేలో పోల్చి చెప్పండి. రికార్డు పేజీ ఫోటో పంపుతున్నా.
– ఒక తండ్రి, కావలి

జవాబు: అయ్యా, పోలిక తర్వాత చూద్దాం. కార్పొరేట్ ట్రైనర్ ఎదురుగా కూర్చునేది ఎవరనుకున్నారు? పిలకాయలు కాదు. ఈఎంఐలు కట్టుకుంటూ, ‘ఈ పిల్ల మనకేం చెప్తుందిలే’ అని చేతులు కట్టుకుని కూర్చునే పెద్దవాళ్లు. పెద్దవాళ్ల ముందు తడబడిందని దిగులుపడుతూ, పొద్దస్తమానం పెద్దవాళ్లకే పాఠం చెప్పే ఉద్యోగానికి పంపుతానంటున్నారు!

టీచింగ్ ప్రాక్టీస్ మొదలైందంటే ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. పైకి అడిగేది కోర్సు గురించే. లోపలి భయం మాత్రం ‘మా బిడ్డ దీనికి పనికిరాదేమో’ అని. ఒక్క పాఠంతో అది తేలదు. టీచర్ల చదువులకు రూల్స్ పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు బీఈడీని రెండేళ్లకు పెంచి, అందులో 20 వారాల ఇంటర్న్‌షిప్ పెట్టింది తడబడి నేర్చుకోవడానికే. రికార్డు తెరవకుండానే సంతకం పెట్టేవాళ్లున్న రోజుల్లో, కూర్చుని పాఠం విని తప్పు రాసిన లెక్చరర్ దొరికారు. సంతోషించండి.

అసలు ఆ సాయంత్రం ఏం జరిగిందో చూద్దాం. పిల్లాడికి మార్కులు తగ్గితే ఇంట్లో నాలుగు తిట్లు తిని మర్నాటికి మర్చిపోతాడు. యాభై ఏళ్ల ఆవిడను సంఘం ఆడవాళ్ల మధ్య లేపి ‘చదవండి’ అంటే పరువు పోతుంది. రేపు అప్పుల లెక్క దగ్గర మళ్లీ ఆ మనుషులతోనే కూర్చోవాలి. అందుకే ‘కళ్లజోడు మర్చిపోయొచ్చా’ అని లేస్తారు. అందులో సాకు ఎంతో, నిజమూ అంతే. నలభై దాటాక దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడం మామూలే. టెస్టు కాగితంలో అక్షరాలు ఎంత సైజులో ఉన్నాయో అమ్మాయినడగండి. సన్నగా ఉంటే ఆమె పరీక్షించింది వాళ్ల చూపును.

ఇంకోటి. జువ్వలదిన్నె వైపు చేపలమ్మే ఆవిడను అడగండి. కిలో 180 అయితే ముప్పావు కిలో ఎంతో తూకం దించేలోపే 135 అని చెప్పేస్తుంది. అదే కాగితం మీద పెడితే పెన్ను కదలదు. ఆమెకు లెక్కలు వచ్చని రాయాలా, రావని రాయాలా? నోటి లెక్కకు ఒక గడి, రాతకు ఒక గడి పెట్టుకుంటే చిక్కు ఉండదు. కేంద్రం నడిపే వయోజన విద్యా పథకం ‘ఉల్లాస్’ పరీక్షలో కూడా చదవడం, రాయడం, లెక్కలు వేరువేరుగానే చూస్తారు, ఒక్కోదానికి 50 మార్కులు.

అందరికీ ‘ఏ’ వేయడం మంచితనమే, కాదనను. కానీ ఎవరికి ఎంత వచ్చో వాళ్లకు తెలుసు. ఈసారి డబ్బు తీసే ఫారం ఇచ్చి ఒక్కొక్కరి పక్కన కూర్చోమనండి. తేదీ వేసిందా? పాస్‌బుక్ చూసి ఖాతా నంబరు దించిందా? అంకెల్లో వేసిన మొత్తం అక్షరాల్లో రాయగలిగిందా? చేయి ఎక్కడ ఆగిందో రాసుకుంటే అదే మూల్యాంకనం. ‘అక్కా, నంబరు దాకా నువ్వే దించేశావు, అక్షరాల్లో రాసేది రేపు చూద్దాం’ అని ఆమెకు మాత్రం వినపడేలా చెబితే చాలు.

‘ముసలమ్మల క్లాసు’ అని రాశారు చూడండి, నెల్లూరు జిల్లా మనిషి అనాల్సిన మాటేనా అది? 1990ల మొదట్లో మీ జిల్లాలోనే, కలిగిరి మండలం దూబగుంటలో, రాత్రి బడికొచ్చిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. వాళ్లకు ఏ టెస్టు పెట్టి, ఏ గ్రేడ్ వేసేవాళ్లం?

ఆ ఫోటో సంగతి కూడా అడుగుతున్నా, ఏమనుకోవద్దు. కూతురి రికార్డు ఫోటో తీసి బయటివాళ్లకు పంపేముందు ఆమెను ఒక మాట అడిగారా? ఉత్తరం మొత్తంలో ‘మాన్పిస్తా, చేర్పిస్తా’ అని ఉంది గానీ, ఆమె ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఏడ్చిందంటే పాఠం బాగా చెప్పాలనే పట్టు ఉన్నట్టే. పట్టించుకోని పిల్ల అన్నం తిని పడుకునేది.

ఇక మీరడిగిన పోలిక. బీఈడీతో స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్లో సబ్జెక్టు టీచర్ దారి ఉంది. 2023 సుప్రీంకోర్టు తీర్పుతో ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతుల టీచర్ దారి మూసుకుంది. సర్కారు టీచర్ పోస్టులు నింపే డీఎస్సీ కోసం ఎదురుచూపులు, ఈలోగా ప్రైవేటు బడి జీతం, ఇవన్నీ మీకు తెలిసినవే. వయోజన విద్యనే బతుకుతెరువు చేసుకోమనీ చెప్పను. ‘ఉల్లాస్’లో చదువు చెప్పేది వలంటీర్లు, జీతం ఉండదు.

కార్పొరేట్ ట్రైనర్ కోర్సు మీద మాత్రం నాకు అనుమానాలు ఎక్కువ. సేల్స్‌లోనో, సాఫ్ట్‌వేర్‌లోనో పదేళ్లు పనిచేసి ట్రైనర్ అయినవాళ్ల మాట కంపెనీలో చెల్లుతుంది. ఉద్యోగమే చేయని అమ్మాయి నాలుగు నెలల సర్టిఫికెట్ పట్టుకుని టీమ్ లీడర్లకు నాయకత్వం గురించి ఏం చెబుతుంది? ఇలాంటి కోర్సు చేసి, చివరికి ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఫోన్లు చేసి కొత్తవాళ్లను చేర్పించే పనిలో కుదురుకున్నవాళ్లను చూశాను. ఇప్పటికిప్పుడు అప్పు చేసి వెళ్లాల్సిన దారి కాదది.

అయినా మనసు లాగుతుంటే ఆ ఇన్‌స్టిట్యూట్‌కు అమ్మాయిచేతే ఫోన్ చేయించండి. పోయిన బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్ల నంబర్లు అడగమనండి. వాళ్లకు నెల జీతమా, క్లాసు ఉన్న రోజుకే డబ్బులా కనుక్కోమనండి. ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ ఉంటుంది మేడమ్’ అని దాటేస్తే పైసా కట్టొద్దు. ఈ హడావిడిలో బీఈడీ పరీక్ష ఫీజు ఆఖరు తేదీ దాటిపోకుండా చూసుకోండి.