లాన్ తీసి కంకర పరిపించే ముందు

బిడ్డా,

నల్లగొండ ఎండల్లో లాన్‌కి బోరు నీళ్లు పోసీ పోసీ విసుగొచ్చిందని, గడ్డి తీయించి రాళ్లు పరిపిస్తానని ఫోన్లో అన్నావు. మంచి ఆలోచనే. కానీ మేస్త్రీ చెప్పినట్టు గడ్డి మీదే ప్లాస్టిక్ షీటు పరిచి కంకర గుమ్మరిస్తే, రెండు వానలకు మళ్లీ మొదటికొస్తుంది.

అసలు తలనొప్పి తుంగతోనే. గరికైతే వేళ్లతో సహా పీకి ఎండేస్తే చాలావరకు చస్తుంది. ఒక తుంగ మొక్కను మెల్లగా తవ్వి చూడు. దారానికి గుచ్చినట్టు నల్లటి గడ్డలు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. వాటిలో ఒక్కటి మిగిలినా మొలుస్తుంది. మొలక మొన ఎంత వాడి అంటే, పల్చటి షీటును పొడుచుకుని మరీ వస్తుంది. అందుకని జానెడు లోతు తవ్వించి గడ్డలు ఏరించు. కూలీలు తొందరపడతారు, నువ్వు పక్కనే నిలబడు.

తర్వాత నేల చదును చేసి, బాగా తడిపి, ఎండ లోపలికి దిగేలా, కింద మట్టి కనిపించే పాలిథిన్ కవర్ కప్పించు, నల్లది వద్దు. అంచుల మీద మట్టి వేయించు. ఏప్రిల్, మే నెలల్లో 4 నుంచి 6 వారాలు అట్లాగే వదిలేస్తే, మిగిలిన గింజలూ గరిక వేళ్లూ చాలావరకు లోపలే ఉడికిపోతాయి. 44 డిగ్రీల ఎండ మనకు పనికొచ్చేది ఇట్లాంటి వాటికే.

కవర్ తీసేశాక కంకర కింద వేయాల్సింది నీళ్లు దిగే, గుడ్డలాంటి జియోటెక్స్‌టైల్ షీటు. ప్లాస్టిక్ వేస్తే వాన నీరు ఇంకక గోడ మొదట్లో నిలుస్తుంది. నేల వాలు కూడా ఇంటి నుంచి బయటికే ఉండాలి. అంచుల్లో షాబాద్ బండ ముక్కలు నిలువుగా పాతిస్తే కంకర వాకిట్లోకి జారదు.

తెల్ల మార్బుల్ చిప్స్ జోలికి పోకు. మన ఎర్ర చల్క దుమ్ముకు నెలల్లోనే రంగు మారుతాయి, మధ్యాహ్నం కళ్లు తెరవనివ్వవు. క్రషర్లో దొరికే 20 ఎంఎం గ్రానైట్ కంకర చాలు. డస్ట్ కడిగించాకే పరిపించు, లేకపోతే ఆ పొడి అడుగున చేరి దాంట్లోనే గడ్డి మొలుస్తుంది. అందంగా ఉంటాయని పెద్ద గుండ్లు గోడ పక్కన పేర్పించకు, తేళ్లు చేరతాయి.

మొత్తం జాగా రాళ్లతో నింపకు. పగలు పీల్చిన వేడిని రాయి రాత్రి కక్కుతుంది. పడమటి బెడ్‌రూమ్ కిటికీ కింద మట్టే ఉంచి మందారం, నందివర్ధనం పెట్టు. వేప మొదలు చుట్టూ మూరెడు ఖాళీ వదులు. కాస్త గరిక తొట్టిలో పెంచుకో, వినాయక చవితికి ఊరంతా తిరిగే పని తప్పుతుంది.

20 అడుగులకు 20 అడుగుల జాగాలో 3 అంగుళాల మందం పరవాలంటే 100 ఘనపుటడుగులు, అంటే ఒక యూనిట్ కంకర పడుతుంది. ట్రాక్టర్ వచ్చాక, దింపకముందే టేపు పెట్టి ట్రాలీ కొలిపించు. దింపాక కొలుస్తానంటే ఎవడూ ఒప్పుకోడు.

నీ మేనమామ
దేవరకొండ